జీతం ఎంతో చెప్పని ప్రకటన

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా ఏలూరులోని ఒక శాఖా గ్రంథాలయంలో, ఉద్యోగాల కోసం చదువుకుంటున్న యువతీ యువకుల ఎదుట చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినపడుతోందా? సరే.

నన్ను పరిచయం చేసినాయన "మానవ వనరుల నిపుణులు" అన్నారు. అంత లేదండీ. పదకొండేళ్ళు ఒక దినపత్రికలో క్లాసిఫైడ్స్ కౌంటర్ దగ్గర కూర్చున్నాను. ఆ తర్వాత కొన్నాళ్ళు చిన్నా పెద్దా కంపెనీలకి మనుషుల్ని చూసిపెట్టాను. ఇక్కడ పేపర్ అందుకోగానే ముందు ఉద్యోగాల పేజీ తిప్పేవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. ఊ... సగం హాలు. మీరు చదివే ఆ చిన్న చిన్న ప్రకటనలు ఎలా పుడతాయో చూసినవాణ్ణి కాబట్టి, అదే చెబుతాను.

2003 ప్రాంతం. ఒక పొద్దున బట్టల కొట్టు యజమాని ఒకాయన షాపు తాళాలు చేత్తో తిప్పుకుంటూ వచ్చారు. మా ఫారంలో గడులుండేవి. గడికో పదం. మొదటి పదిహేను పదాలకి ఒక రేటు, పైన ప్రతి పదానికీ అదనం. ఆయన చెబుతుంటే నేను రాసుకుంటున్నాను. "సేల్స్‌బాయ్స్ కావలెను. జీతం 2,500. ఉదయం 9 నుంచి రాత్రి 10 వరకు. ఆదివారం కూడా పని. భోజనం ఎవరిది వారే." లెక్కపెట్టి ఇంత అవుతుందండీ అన్నాను. "అమ్మో, తగ్గించు" అన్నారు. ముందు ఏం కొట్టించారో చెప్పండి చూద్దాం? పని గంటలు. తర్వాత ఆదివారం. తర్వాత భోజనం. అంతవరకు నాకు అర్థమైంది, డబ్బు మిగుల్చుకుంటున్నారు అనుకున్నాను. చివర్లో ఒక మాటన్నారు. "ఆ జీతం 2,500 తీసేసి, ఆకర్షణీయమైన జీతం అని పెట్టు."

"జీతం 2,500" అంటే రెండు గడులు. "ఆకర్షణీయమైన జీతం" అన్నా రెండు గడులే. పైసా మిగలదు. ఆ మాటే అన్నాను. ఆయన నవ్వి, "అంకె వేస్తే నా దగ్గరున్న పాత కుర్రాళ్ళు చదవరూ? వాళ్ళకి రెండువేలే ఇస్తున్నా" అన్నారు.

నెలా పదిహేను రోజులకి ఒక కుర్రాడు మా కౌంటర్‌కి వచ్చాడు. కొయ్యలగూడెం దగ్గర పల్లె వాళ్ళది. జేబులోంచి ఆ ప్రకటన ముక్క తీశాడు. మడత పెట్టీ పెట్టీ మధ్యలో చిరిగిపోయింది. "సార్, ఇందులో ఆకర్షణీయమైన జీతం అని మీరే వేశారు కదా, నాకు 2,500 ఇచ్చారు" అన్నాడు. వాడికి పత్రిక వేరు, షాపు వేరు అని తెలీదు. నువ్వెంత అనుకున్నావురా అని అడిగాను. తడుముకోకుండా "మూడువేలు" అన్నాడు. మూడువేలే ఎందుకు? గదికి 800, మెస్సుకి 900, ఇంటికి పంపాల్సింది 1,000, బస్సులకీ సబ్బులకీ ఓ 300. కూడితే సరిగ్గా మూడువేలు. ఆ కుర్రాడికి ఆకర్షణీయం అంటే తన అవసరాల మొత్తం. షాపాయన దృష్టిలో పాతవాళ్ళకిచ్చేదాని కన్నా ఐదువందలు ఎక్కువ. ఇద్దరూ అబద్ధం ఆడలేదు. ఆ పదం రాసిన గడి మాత్రం నాది.

ఆ రోజు నుంచి నేను ప్రకటనల్ని వేరే కంటితో చదవడం మొదలుపెట్టాను. ఏమీ చెప్పని మాట ఊరికే ఉండదు. చదివేవాడు తన ఇంటి అద్దె, చెల్లి పెళ్ళి, అప్పు వాయిదా అన్నీ తెచ్చి అందులో పోసుకుంటాడు. ప్రకటన రాసేవాడికి ఆ సంగతి తెలుసు. కొందరికి బాగా తెలుసు.

మన తెలుగు ప్రకటనల భాషే చూడండి. బయట ఎవరమైనా "కావలెను" అంటామా? ఇంట్లో ఉప్పు కావలెను అంటే మీ అమ్మగారు ఏమంటారు? (నవ్వులు) గ్రాంథికం అన్నిచోట్లా పోయింది, శుభలేఖల్లోనూ ఉద్యోగ ప్రకటనల్లోనూ మిగిలింది. దాని చుట్టం ఇంకొకటుంది: "ఇవ్వబడును." వసతి కల్పించబడును, శిక్షణ ఇవ్వబడును, ఇన్సెంటివ్స్ చెల్లించబడును. ఎవరు ఇస్తారు? ఎప్పుడు? ఆ వాక్యంలో మనిషే లేడు. మొదటి నెల ఇన్సెంటివ్ రాలేదని అడగబోతే, మేనేజర్ హెడ్డాఫీసు మీదకి, హెడ్డాఫీసు మేనేజర్ మీదకి తోస్తారు. "బడును" అని చదివినప్పుడే ఎవరో ఒకరు ఇస్తారులే అని మనం సరిపెట్టుకుంటాం, చిక్కు అక్కడే.

ఇప్పుడంతా ఫోన్లలోనే కదా, ఇప్పటి మాట "వరకు". డెలివరీ పనికి "నెలకు 40,000 వరకు సంపాదించండి" అంటారు. వ్యాకరణం ప్రకారం అది నిజమే. సున్నా నుంచి నలభైవేల దాకా ఎంతొచ్చినా ఆ వాక్యం అబద్ధం కాదు. మన కన్ను మాత్రం "వరకు" ని దాటేసి అంకె మీద వాలుతుంది. ఆ అంకెలోంచి పెట్రోలు ఖర్చు, బండి వాయిదా, ఫోన్ రీచార్జి, వాన పడ్డప్పుడు జారితే ఆస్పత్రి ఖర్చు తీసేశాక మిగిలేది జీతం. ఆ ఖర్చులన్నీ మనవే ఎందుకయ్యాయంటే, అదే ప్రకటనలో ఇంకో మాట ఉంటుంది. "పార్ట్‌నర్." ఉద్యోగి అంటే పీఎఫ్ అడుగుతాడు, సెలవు అడుగుతాడు. పార్ట్‌నర్ ఏమడుగుతాడు? లాభంలో వాటా అడగాలి, అదీ ఉండదు.

డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలకి మాత్రం "ప్యాకేజీ". మూడు లక్షల అరవైవేల ప్యాకేజీ అనగానే ఇంట్లో నాన్న పన్నెండుతో భాగించేస్తారు. నెలకి ముప్ఫైవేలు. చుట్టాలందరికీ చెప్పేస్తారు కూడా. ఈ బోర్డు మీద లెక్క వేద్దాం. బేసిక్ నెలకి 15,000 అనుకుందాం. ప్యాకేజీలో వేరియబుల్ అని ఓ పది శాతం ఉంటుంది, 36,000. అది వస్తే ఏడాది చివర, రాకపోతే లేదు. కంపెనీ మన పేర కట్టే పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, అంటే నెలకి 1,800, ఏడాదికి 21,600. అదీ ప్యాకేజీలోనే కలిపేస్తారు. గ్రాట్యుటీ బేసిక్‌లో 4.81 శాతం, ఏడాదికి 8,658. మానేసేదాకా ఆ డబ్బు చేతికి రాదు. ఇన్సూరెన్స్ ఒక 6,000 వేసుకోండి. ఇవన్నీ కలిపితే 72,258. ప్యాకేజీలోంచి తీసేస్తే 2,87,742. నెలకి 23,978. ఇందులో మన వాటా పీఎఫ్ ఇంకో 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి వచ్చేది 21,978. ముప్ఫై ఎక్కడ, ఇరవై రెండు ఎక్కడ? పీఎఫ్ మన డబ్బే, కాదనను, ఎప్పటికో అందుతుంది. కానీ హైదరాబాద్ హాస్టల్ వాడికి గ్రాట్యుటీ చూపిస్తే ఊరుకోడు కదా.

మొదటి జీతం పడిన రోజు ఇంటికి ఫోన్ చేయడానికి మొహమాటపడిన పిల్లల్ని చాలామందిని చూశాను. నెల తిరక్కుండానే వాళ్ళకి మోసపోయామన్న భావం వచ్చేస్తుంది. కంపెనీ ఒక్క రూపాయి ఎగ్గొట్టలేదు. అయినా చేదు మిగిలిపోతుంది. తర్వాత మేనేజర్ ఏం చెప్పినా నమ్మరు.

ఇక కార్పొరేట్ జూనియర్ కాలేజీల ప్రకటనలు. "లెక్చరర్లు కావలెను, ఉచిత భోజన వసతి." కెమిస్ట్రీ చదివిన కుర్రాడు సంతోషంగా పెట్టె సర్దుకుని వెళ్తాడు. వసతి ఎక్కడ? పిల్లల హాస్టల్లోనే. పొద్దున ఐదింటికి పిల్లల్ని లేపాలి, రాత్రి పదింటిదాకా స్టడీ అవర్‌లో కూర్చోవాలి. వేసవి రాగానే పాంప్లెట్లు పట్టుకుని ఊళ్ళు తిరిగి అడ్మిషన్లు తేవాలి. "ఉచిత వసతి" అంటే అద్దె లేదని అతను అనుకున్నాడు. మనిషి ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉంటాడని వాళ్ళు అనుకున్నారు.

వాచ్‌మన్ ప్రకటనలు చూశారా? "అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్ కావలెను. భార్యాభర్తలకు ప్రాధాన్యం. రూమ్ ఇవ్వబడును." హైదరాబాద్, విజయవాడ ఎక్కడైనా ఇదే నమూనా. నేను ఎన్ని వందలు రాశానో లెక్కలేదు. పోస్టు ఒకటి, జీతం ఒకటి, మనుషులు ఇద్దరు. ఆయన పగలు కూలికి వెళ్తే గేటు ఆవిడే చూస్తుంది, మెట్లు ఆవిడే తుడుస్తుంది, మోటారు ఆవిడే వేస్తుంది. జీతం మాత్రం ఆయనకి. ఆవిడ శ్రమ ఆ "ప్రాధాన్యం" అన్న మాటలో దాక్కుంది. ఇది మోసం అని ఎవరూ అనుకోరు. అలవాటైపోయింది. అందుకే నాకు బాధ.

ఆడవాళ్ళ మాట వచ్చింది కనుక ఇంకొకటి. 2011లో కొందరు పరిశోధకులు ఇంగ్లిష్ ఉద్యోగ ప్రకటనల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. మగవాళ్ళు ఎక్కువగా ఉండే ఉద్యోగాల ప్రకటనల్లో నాయకత్వం, పోటీతత్వం, ఆధిపత్యం లాంటి మాటలు ఎక్కువ కనిపించాయి. అలాంటి మాటలతో రాసిన ప్రకటనలు ఆడవాళ్ళకి అంతగా నచ్చలేదు. కారణమే ఆసక్తికరం. ఆ పని మాకు చేతకాదు అని వాళ్ళు అనుకోలేదు. అక్కడ మాలాంటివాళ్ళు ఉండరు, మాకు చోటుండదు అనుకున్నారు.

మన దగ్గర అంత సూక్ష్మం అక్కర్లేదు, తిన్నగానే రాసేస్తారు. "యువకులు మాత్రమే", "రిసెప్షనిస్ట్, అమ్మాయిలు, 25 లోపు". 1976లో వచ్చిన సమాన వేతన చట్టమే నియామకాల్లో స్త్రీ పురుష వివక్ష కూడదంది. తర్వాత 2019 నాటి వేతనాల కోడ్‌లోకి కూడా ఆ మాట వచ్చింది. అయినా నేను కౌంటర్లో ఉన్నన్నాళ్ళూ "అమ్మాయిలు కావలెను" అని రాస్తూనే ఉన్నాను. ఒక్కసారి కూడా కాదనలేదు. తెలుగులో "తెలిసినవారు", "చదివినవారు" అంటే చాలు, ఆడా మగా ఇద్దరూ వచ్చేస్తారు. భాష అడ్డం రాలేదు, రాయించేవాళ్ళకే అక్కర్లేకపోయింది.

మనకి పరిచయమైన ఇంకో మాట "గౌరవ వేతనం". అంగన్‌వాడీ టీచరమ్మ ఉదయం నుంచి పిల్లల్ని చూస్తుంది, గర్భిణుల బరువు రాస్తుంది, రిజిస్టర్లు నింపుతుంది, యాప్‌లో ఫొటోలు పెడుతుంది. ఇచ్చేదాన్ని జీతం అనరు. గౌరవ వేతనం అని పేరు పెట్టేసరికి, పెంచమని అడగడమే ఏదో అమర్యాదలా ధ్వనిస్తుంది. గ్రాట్యుటీ వీళ్ళకి వర్తిస్తుందా లేదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు వర్తిస్తుందని చెప్పింది. గ్రాట్యుటీ చట్టం 1972 నాటిది, ఆ మాట రావడానికి యాభై ఏళ్ళు పట్టింది. మన రాష్ట్రంలోనే 2019లో లక్షల మందిని "వాలంటీర్లు"గా తీసుకున్నారు, నెలకి 5,000 గౌరవ వేతనం. చేరినవాళ్ళలో ఎందరో దాన్ని సర్కారు కొలువుకి మొదటి మెట్టు అనుకున్నారు. ఆ పేరులోనే ఉద్యోగం కాదని ఉంది. ఇరవై రెండేళ్ళ వయసులో ఎవరు చూస్తారండీ పేరు?

సర్కారు కొలువు అన్నాను కదా. ఇక్కడ చాలామంది దానికే చదువుతున్నారని తెలుసు. ప్రభుత్వ నోటిఫికేషన్ చూడండి, డజన్ల పేజీలు. పే స్కేలు, వయసు, రోస్టర్, సిలబస్ అన్నీ ఉంటాయి. ఆకర్షణీయం అన్న ముక్క ఎక్కడా ఉండదు. అంత పొడిగా రాసినా అంత ఆశ పుట్టించే కాగితం ఇంకోటి లేదు. జీతం విషయంలో అది మాట తప్పదు కూడా. అందులో ఉండని సంగతి ఒక్కటే, ఇదంతా ఎన్నేళ్ళు పడుతుందన్నది. తెలంగాణలో 2022లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ జరిగింది, పేపర్ లీకై రద్దయింది. 2023లో మళ్ళీ జరిగింది, హైకోర్టు రద్దు చేసింది. 2024లో ఆ నోటిఫికేషన్నే వెనక్కి తీసుకుని 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ఈలోగా హైదరాబాద్‌లో కోచింగ్ పిల్లలుండే అశోక్‌నగర్ గదుల్లో అద్దె మాత్రం నెలనెలా కట్టాల్సిందే. మన దగ్గర "మెగా డీఎస్సీ" అన్న మాట తీసుకోండి. 16,347 పోస్టుల నోటిఫికేషన్ 2025 ఏప్రిల్‌లో వచ్చింది. కానీ "మెగా" అన్న మాట ఎన్నికల సభల్లో అంతకుముందే మొదలైంది. ఆ రెండక్షరాల్ని నమ్ముకుని స్కూల్లో చేస్తున్న పని మానేసి కోచింగ్‌లో చేరినవాళ్ళు నాకు తెలుసు.

గల్ఫ్ ప్రకటనల గురించి పెద్దగా చెప్పను, జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళకి నాకన్నా బాగా తెలుసు. ఒక్క మాట. "ఫ్రీ వీసా" అంటే డబ్బు కట్టక్కర్లేదని మనం అనుకుంటాం. అక్కడి వాడుకలో అది ఆజాద్ వీసా. కాగితం మీద ఒక కఫీల్, అంటే వీసా ఇప్పించిన అక్కడి యజమాని పేరుంటుంది, అతని దగ్గర పని ఉండదు, పని మనమే వెతుక్కోవాలి. పట్టుబడితే చట్టవిరుద్ధం. ఒకే మాటకి ఒకవైపు ఉచితం, ఇంకోవైపు దిక్కులేనితనం. ఇంతకన్నా దారుణమైనది "డేటా ఎంట్రీ ఆపరేటర్". 2024లో విశాఖ కుర్రాళ్ళని ఆ మాటతోనే కంబోడియా తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయించారు. ఎంత మామూలు మాటో చూడండి. టైపింగ్ వస్తే చాలు అనిపించే పని. గొప్ప ఉద్యోగం అని రాసి ఉంటే ఎవరైనా అనుమానించేవారేమో.

సరే, నిజం రాస్తే ఎవరైనా వస్తారా అని మీరు అడగొచ్చు. ట్రైనింగ్ క్లాసుల్లో బ్రిటిష్ ధ్రువ యాత్రికుడు షాకిల్‌టన్ ప్రకటన అని ఒకటి చూపిస్తుంటారు. ప్రమాదకరమైన ప్రయాణం, తక్కువ జీతం, గడ్డకట్టే చలి, తిరిగి రావడం అనుమానమే, అని వేస్తే జనం విరగబడ్డారట. వినడానికి బాగుంటుంది. ఆ ప్రకటన అచ్చయిన పత్రిక మాత్రం ఎంత వెతికినా ఎవరికీ దొరకలేదు. క్లాసిఫైడ్స్ వాణ్ణి కదా, పేపర్ కటింగ్ చూపించనిదే నమ్మను.

నమ్మదగ్గది వేరే ఉంది. 1973లో జాన్ వానస్ అనే పరిశోధకుడు అమెరికాలో టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగానికి వచ్చినవాళ్ళకి సినిమాలు చూపించారు. కొందరికి అంతా బాగుందని చెప్పే సినిమా. మిగతావాళ్ళకి పని విసుగ్గా ఉంటుంది, పైవాళ్ళ నిఘా ఉంటుంది అని ఉన్నదున్నట్టు చెప్పే సినిమా. నిజం చూసినవాళ్ళు ఉద్యోగం వద్దని పారిపోలేదు. కాకపోతే వాళ్ళ ఆశలు నేల మీద ఉన్నాయి, మానేద్దామన్న ఆలోచన వాళ్ళలో తక్కువగా వచ్చింది.

ఇది చదవక ముందే నాకు మా బేకరీ ఆయన తెలుసు. బట్టల కొట్టాయన వచ్చిన రోజుల్లోనే ఈయనా వచ్చారు. "బేకరీలో పనివారు కావలెను. రాత్రి డ్యూటీ. పొయ్యి దగ్గర వేడి ఎక్కువ. జీతం 2,800, ప్రతి నెల 3వ తేదీన. వారానికి ఒక సెలవు." పదాలు ఎక్కువయ్యాయండీ, ఆ వేడి సంగతి తీసేద్దామా అన్నాను, సాయం చేస్తున్నాననుకుని. "తీసెయ్యకు. వాడు మూడోరోజు పారిపోతే మళ్ళీ నీకే డబ్బు కట్టాలి" అన్నారు. ఫోన్లు నాలుగే వచ్చాయట. ఇద్దరు చేరారు. ఆయన మళ్ళీ మా కౌంటర్‌కి రావడానికి రెండేళ్ళు పట్టింది, అదీ రెండో దుకాణం తెరవడానికి. బట్టల కొట్టాయన నెలకోసారి వచ్చేవారు. మా పత్రికకి మంచి ఖాతాదారు ఆయనే మరి. (నవ్వులు)

బయటి దేశాల్లో దీన్ని యజమాని మంచితనానికి వదిలెయ్యడం మానేస్తున్నారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2021 నుంచి, కాలిఫోర్నియా, వాషింగ్టన్ 2023 నుంచి ప్రకటనలో జీతం ఎంత నుంచి ఎంత దాకానో వేయాలన్నాయి, మరీ చిన్న సంస్థలకి కొన్నిచోట్ల మినహాయింపు. అక్కడున్న మనవాళ్ళు ఎవరైనా తెలిస్తే ఒక ప్రకటన పంపమనండి, చూడండి. ఆ రేంజి మరీ వెడల్పుగా వేసి తప్పించుకునే కంపెనీలూ ఉన్నాయి. "వరకు" అక్కడికీ చేరింది. అయినా కింది అంకె అంటూ ఒకటుంది. బేరం ఎక్కడ మొదలెట్టాలో తెలుస్తుంది.

నా సోది చాలు. ఇవాళ్టి పేపర్లోంచి ఒక ముక్క చింపుకొచ్చాను. లైబ్రేరియన్ గారూ, కంగారు పడకండి, ఇది మా ఇంటి పేపరే. (నవ్వులు) చదువుతాను. "ఆఫీస్ స్టాఫ్ కావలెను. ఎనీ డిగ్రీ. ఫ్రెషర్స్ కూడా. ఆకర్షణీయమైన జీతం, ఇన్సెంటివ్స్." ఇరవై ఏళ్ళయినా నా పదాలు బతికే ఉన్నాయి. కింద ఫోన్ నంబరుంది. మనం ఫోన్ చేద్దాం. ఎవరు చేస్తారు? మూడో వరసలో అమ్మాయి... రామ్మా. భయం ఎందుకు, ఫోన్ చేస్తే ఉద్యోగంలో చేరాలనేం లేదు. పేరు, ఊరు ఏవీ చెప్పకు. ముందు ఏం అడుగుతావు?

"జీతం ఎంతండీ అని."

వద్దు. జీతం ఎంత అంటే "రండి, మాట్లాడదాం" అంటారు. ఇలా అడుగు: "ఇదే పనిలో కిందటి నెల చేరినవాళ్ళకి చేతికి ఎంత పడిందండీ?" ఆ తర్వాత, "సాయంత్రం ఎన్నింటికి బయటపడతామండీ?" ఇన్సెంటివ్స్ అంటున్నారు కాబట్టి టార్గెట్ ఉందేమో అడుగు. టార్గెట్ ఉంటే అది ఆఫీస్ స్టాఫ్ ఉద్యోగం కాదు, బయట తిరిగి అమ్మాల్సిన పని. మైకు దగ్గర పెట్టు, స్పీకర్ ఆన్ చెయ్యి.

రింగవుతోందా? ఒక్క నిమిషం, అందరూ మాట్లాడకండి.